తగ్గించిన చెయ్యి

మా అన్న పర్వేజ్‌కు ఆట రాదని నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. బొత్తిగా రాదని అనను. నలుగురిలో ఒకడిగా ఆడేంత వచ్చు, నలుగురిని నడిపించేంత రాదు. ఆ మాట అప్పుడే, నిరుడు ఫిబ్రవరిలోనే, నోరు విప్పి చెప్పి ఉంటే రెండు రోజులు అలిగేవాడు. మూడోరోజు ఆకలికి తట్టుకోలేక వచ్చి అన్నం తినేవాడు. అంతటితో పోయేది. నేను చెప్పలేదు. ఆ ఎండాకాలమంతా నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

ఇంట్లో మేం మాట్లాడుకునేది దక్కనీ. ఈ సంగతి తెలుగులో చెబుతున్నాను కనుక మా మాటలన్నీ తెలుగులోకి తెచ్చాను. భయ్యా అన్న పిలుపును మాత్రం తేలేకపోయాను, అది అలాగే ఉంటుంది.

మాది జనగామ. అబ్బా పేరు లతీఫ్, దూది ఏకి పరుపులు కుడతాడు. అమ్మీ పేరు అజ్మత్ బీ. ఆమె, నేను ముందుగదిలో కూర్చుని పెళ్లి జాకెట్లకు మగ్గం పని చేస్తాం. మగ్గమంటే బట్ట నేసేది కాదు, నాలుగు కర్రల చట్రం. దానికి గుడ్డ బిగించి, ఇటు ఒకరు అటు ఒకరు కూర్చుని, కొక్కెం సూదితో జరీ, పూసలు కుట్టాలి. జాకెట్ చేతుల్లో ఒకటి అమ్మీది, ఒకటి నాది. ఎన్నో ఏళ్లుగా ఇదే వరస.

పని నేర్చుకున్న కొత్తలో, పదహారేళ్లప్పుడు, నా చేతిని చూసి నాకే గర్వంగా ఉండేది. అమ్మీ నాలుగు రోజులు కుట్టే జాకెట్ చేతిని నేను రెండు రోజుల్లో ముగించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాను. నాలుగోరోజు గుడ్డ విప్పి రెండింటినీ పక్కపక్కన పెడితే నా మొహం మాడిపోయింది. నా కుట్టు నువ్వుగింజంత, అమ్మీ కుట్టు వడ్లగింజంత. తీగ ఒకటే, పువ్వు ఒకటే, అయినా రెండూ ఒక జాకెట్‌వని ఎవరూ అనరు. అమ్మీ బ్లేడు తీసుకుని నేను కుట్టిందంతా విప్పేసింది.

"నీ కుట్టు సన్నం, నాది దొడ్డు. నేను సన్నగ కుట్టలేను, నా కండ్లు అయిపోయినయ్. నువ్వు దొడ్డుగ కుట్టగలవు గదా. జర చెయ్యి తగ్గించుకో బేటీ. పెండ్లిపిల్ల రెండు చేతులు ముంగట పెడితే ఒక్కతీరుగ కొట్టాలె."

ఆ రోజునుంచి తగ్గించుకోవడం నేర్చుకున్నాను. చెయ్యి తగ్గించడమంటే చెడగొట్టడం కాదు. సూది గుచ్చేముందు అవతలి సూదిని ఒకసారి చూసుకుని, అంతే దూరంలో గుచ్చాలి. అందరికీ వచ్చే పని కాదని అమ్మీ పక్కింటి వాళ్లతో చెబుతుంటే విని మురిసిపోయేదాన్ని. సరిగ్గా ఈ విద్యే మా అన్న బతుకు మీద ప్రయోగిస్తానని అప్పుడు అనుకోలేదు.

అన్న ఐటీఐలో ఫిట్టర్ చేసి రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాడు. కానిస్టేబుల్ పరుగులో రెండుసార్లు పోయింది. రెండోసారి పది సెకన్ల తేడాతో పోయింది. అప్పటినుంచి మాట తగ్గింది, ఫోన్ పెరిగింది. ఆ ఫోన్లోనే, నలుగురు జట్టుగా తుపాకులు పట్టుకుని ఆడే ఆట ఒకటి మొదలుపెట్టాడు. అన్న కెప్టెను. నాలుగో మనిషి దొరక్క నన్ను కూర్చోబెట్టాడు. మిగతా ఇద్దరూ మేం మొహాలు చూడనివాళ్లు. కృష్ణ మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర పక్క తండా నుంచి. వాళ్లింట్లో లంబాడీ భాష, మాతో తెలుగు. అజిత్ భూపాలపల్లి జిల్లా చిట్యాల నుంచి. అజిత్ ఫోన్లో మైకు పాడైంది, కనుక ఆ ఎండాకాలమంతా అతని గొంతు మేం వినలేదు. అయినా అతనంత నమ్మకంగా వెంట ఉండే మనిషి లేడు.

ఆ ఆటలో తూటా తగిలినవాడు వెంటనే చావడు, మోకాళ్ల మీద పడతాడు. కాసేపు వదిలేస్తే తేరుకుని మళ్లీ లేస్తాడు. చివరి తూటా ఎవరు కొడితే ఆ చావు వాళ్ల పేరు మీద పడుతుంది. నా చేతికి మగ్గం పని వల్లనో ఏమో వణుకు లేదు. ఎక్కడ చూస్తే అక్కడ తగిలేది.

ఒకరోజు మధ్యాహ్నం వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయాం. అన్న పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అబ్బా దూది దులుపుకుంటూ గడపలో నిలబడి, "ఫోను కడుపు నింపుతదారా," అన్నాడు. అన్న తల ఎత్తలేదు. పదో ఆటలో ఒకడిని నేను మోకాళ్ల మీద పడేశాను. చివరి తూటా నాదే కావాలి. ఎందుకో ఆగాను. అన్న వచ్చి కొట్టాడు. ఆట గెలిచాం. మంచం మీంచి ఒక్క ఎగురు ఎగిరి, నా జడ పట్టి గుంజి, "చూసినవా" అని నవ్వాడు. పరుగులో పోయాక మా ఇంట్లో ఆ నవ్వు వినడం అదే మొదలు. నాలుగు రొట్టెలు తిన్నాడు. అమ్మీ నాకేసి చూసి, "ఎట్లనన్న గానీ, గిట్లనే ఉండనీ," అంది. ఆమెకు ఆట గురించి ఓనమాలు తెలియవు. నాకు మాత్రం అది మగ్గం దగ్గర చెప్పిన మాటలాగే వినిపించింది.

ఇక చూడండి నా తెలివి. తలకు తగిలేదాన్ని కాళ్లకు కొట్టడం మొదలుపెట్టాను. వాడు పడగానే అన్న కోసం ఎదురుచూడటం. అన్న గోడ అవతల ఉంటే నేను కావాలని ఆలస్యంగా గోడ దాటడం. అన్నీ అతని పేరు మీదే పడేవి. మార్చి దాటేసరికి చుట్టుపక్కల జట్లలో పర్వేజ్ అంటే పేరు వచ్చింది. ఎవరో తెలియని కుర్రాళ్లు బస్టాండు దగ్గర పలకరించి ఫోటో దిగారు. అబ్బా కూడా ఒకటి రెండుసార్లు, ఆట ఎట్లా సాగుతోందని అడిగాడు. నేను చెయ్యి తగ్గించుకుని కూర్చున్నాను, ఇల్లు పచ్చగా ఉంది. నాకు ఇంకేం కావాలి అనుకున్నాను.

కృష్ణకు దొరికిపోయాను. ఒక శుక్రవారం అన్న నమాజుకు పోయినప్పుడు నా ఫోన్లో ఆట అట్లాగే నడుస్తోంది. చెవిలో కృష్ణ గొంతు వినిపించింది.

"మెహనాజ్, నువ్వు కాళ్లకెందుకు కొడుతున్నవ్?"

"తగిలిన కాడ తగులుతది అన్నా."

"నాకు చెప్పకు. అన్న లేనప్పుడు మనం ముగ్గురం ఆడితే నువ్వు ఒక్కదెబ్బకు తలకు కొడతవ్. అన్న రాంగనే నీ చెయ్యి వంకరపోతది. నెల నుంచి చూస్తున్న."

దాచి లాభం లేదని మగ్గం సంగతి చెప్పాను. రెండు చేతులు ఒకతీరుగా ఉండాలని, సన్నం కుట్టేదే తగ్గాలని, తగ్గితే ఎవరికీ నష్టం లేదని చెప్పాను. కృష్ణ అంతా విన్నాడు.

"మా తండాల పత్తి బోరెం ఇద్దరు మోస్తరు. ఒకడు చెయ్యి సడలిస్తే బరువు ఏడికి పోతది? ఇంకొకని మీద పడతది. ఆ ఇంకొకడు ఎవరనుకున్నవ్? నేను, అజిత్. మేం ఇద్దరం సచ్చుకుంట మోస్తున్నం."

"గెలుస్తనే ఉన్నం గదా."

"గెలుస్తున్నం. జాకెట్ కుట్టేటప్పుడు ఎదురుంగ ఎవడన్న తుపాకి పట్టుకొని నిలబడతడా చెప్పు. గిది వేరే పని చెల్లె. సొంత జట్టుల ఉండి ఆపుకొని ఆడుడంటే ఎదుటోని జట్టుల ఆడినట్టే."

నాకు కోపం వచ్చింది. సొంత జట్టును ఓడించినవాళ్లను మోసగాళ్లంటారు, నేనెవరిని ఓడించాను? ఫోన్ పక్కన పడేసి మగ్గం మీదికి వంగాను. ఆ రోజు కుట్టిన తీగ ఎంత ఒద్దికగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. అమ్మీ చేతికీ నా చేతికీ వెంట్రుకవాసి తేడా లేదు.

మే నెలలో రెండు సంగతులు ఒక్క వారంలో జరిగాయి. భూపాలపల్లిలో మూడు జిల్లాల జట్లకు పోటీ పెట్టారు. గెలిచిన జట్టులో ఎక్కువమందిని పడగొట్టినవాడిని ఆరు నెలలు హైదరాబాద్‌లో ఉంచి, తిండి పెట్టి, ఆటలో తయారు చేస్తారట. అదే వారం అన్నకు భూపాలపల్లి గనుల దగ్గర ఒక వర్క్‌షాపు నుంచి ఫిట్టర్ అప్రెంటిస్ కాగితం వచ్చింది. పోటీ శనివారం, చేరాల్సింది సోమవారం. సోమవారం రాకపోతే తర్వాతి పేరు పిలుస్తామని కాగితంలో రాసి ఉంది. అబ్బా ఆ కాగితానికి లామినేషన్ చేయించి, గోడమీద మక్కా బొమ్మ కింద పెట్టాడు.

"పోటీకి పోయి రా, సోమారం డ్యూటీకి పో," అన్నాడు అబ్బా.

"గెలిస్తే?" అన్నాడు అన్న.

అబ్బా చేతిలోని దూదిలో గింజ ఏరుతూ ఉండిపోయాడు. గెలిస్తే అన్న ఆ కాగితాన్ని వదులుకుంటాడని మా నలుగురికీ ఆ క్షణంలోనే తెలుసు.

పోటీకి నన్ను పంపడానికి అమ్మీ మొదట ఒప్పుకోలేదు. బురఖా తియ్యనని, అన్న పక్కనే కూర్చుంటానని ఒట్టు పెట్టించుకుని పంపింది. హన్మకొండలో బస్సు మారేచోట కృష్ణ కలిశాడు. గొంతు విని పెద్దమనిషి అనుకున్నాను, తీరా చూస్తే మా అన్న ఈడే, చేతులనిండా పత్తికాయ గీతలు. భూపాలపల్లి చేరుతుండగా అన్న కిటికీలోంచి ఒక పెద్ద గేటు చూపించాడు.

"గదే ఆ వర్క్‌షాపు. ఓడిపోతే సోమారం గీ గేటు కాడనే ఉంట," అని నవ్వాడు.

ఆ నవ్వులో గేటు మీద చిన్నచూపు ఉంది. అది నేను కుట్టి ఇచ్చిన చిన్నచూపు. అప్పుడైనా నాకు భయం వెయ్యాల్సింది.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్లి కుర్చీలు వేసే వేదిక మీద జట్లను కూర్చోబెట్టారు. అజిత్ బక్కపలచగా, సిగ్గుగా ఉన్నాడు. వాళ్ల నాయిన చిట్యాల నుంచి వెంట వచ్చాడు. ఆయనకు ఆట తెలియదు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, మంచినీళ్ల సీసా చేత్తో పట్టుకుని, వెనకగోడకు ఆనుకుని పొద్దంతా నిలబడ్డాడు. కొడుకు అటు చూసినప్పుడల్లా సీసా కొంచెం ఎత్తి చూపించేవాడు.

సాయంత్రం నాలుగింటికి ఆఖరి ఆట. ఎదుటివైపు ఇద్దరే మిగిలారు. ఒకడిని కృష్ణ పడగొట్టాడు. రెండోవాడిని నేను గోడ వెనక మోకాళ్ల మీద పడేశాను. ఒక్క తూటా చాలు. వాడు నా కళ్లముందే ఉన్నాడు.

"ముగించు," అన్నాడు కృష్ణ.

నేను అన్నకోసం చూశాను. అన్న మెట్ల దగ్గర ఉన్నాడు. వస్తున్నాడు. ఇదిగో వస్తున్నాడు.

"మెహనాజ్, ముగించు."

వాడు తేరుకుని లేచాడు. లేస్తూనే ఎదురుగా ఉన్న అజిత్‌ను కొట్టేశాడు. అన్న అప్పుడు మెట్లు దిగివచ్చి వాడిని పడగొట్టాడు. హాలంతా లేచి నిలబడింది. అజిత్ ఫోన్ బల్లమీద బోర్లించి వెనకగోడకేసి చూశాడు. వాళ్ల నాయినకు ఏం జరిగిందో తెలియదు. కొడుకు చూశాడు కదా అని సీసా ఎత్తి చూపించాడు.

మైకులో పర్వేజ్ పేరు పిలిచారు. కృష్ణ కంటే అన్నకు మూడు ఎక్కువ. అన్న మెడలో పూలదండ వేసి భుజాల మీద ఎత్తుకున్నారు. కిందికి దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి ఆ దండను నా మెడలో వేశాడు. నేను ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు, నేను కూడా కొంతసేపు అలాగే అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు హన్మకొండ బస్టాండులో అన్న మిర్చీలు తెస్తానని పోయాడు. కృష్ణ సంచి ఒళ్లో పెట్టుకుని నా పక్క బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ మూడు నువ్వు అన్నకు ఇడిచిపెట్టినయే. లేకుంటే నా పేరు పిలుద్దురు," అన్నాడు.

నేను బురఖా అంచు సరిచేసుకున్నాను.

"పగ పట్టి చేస్తే మంచిగుండు. తిట్టి ఊకుందును. నువ్వేమో ప్రేమతోని చేసినవ్. గిప్పుడు నిన్ను ఏమని తిట్టాలె నేను?"

"నేను ఎవ్వల్ని ఓడగొట్టలే కృష్ణన్నా."

"ఓడగొడితేనే చెడగొట్టినట్టా? అజిత్ వాళ్ల నాయిన పొద్దుగాల సంది నిలబడ్డడు. నేను మా ఇంట్ల కూలి మాని వచ్చిన. సరే, మా సంగతి ఇడిచిపెట్టు. అన్న సంగతి చెప్పు. హైదరాబాద్‌ల అన్న పక్కకు నువ్వుంటవా?"

లేనని తల ఊపాను.

"మరి ఏం చేస్తడు గాడ? ఎల్లుండి సోమారం. రేపు ఒక్కరోజున్నది. చెప్పు ఆయనకు. నన్ను పంపుతరని నేను చెప్తలేను. ఆ కాగితం పోవద్దని చెప్తున్న."

అన్న మిర్చీల పొట్లం తెచ్చి మొదటిది కృష్ణ చేతిలో పెట్టాడు. "నువ్వు లేకుంటే గెలుద్దుమా రా," అన్నాడు. కృష్ణ ఆ మిర్చీని చేతిలో పట్టుకునే మహబూబాబాద్ వైపు బస్సు ఎక్కాడు.

ఆదివారం పొద్దున చెప్పాలనే చాయ్ తీసుకుని అన్న దగ్గరికి పోయాను. గదిలో పెట్టె తెరిచి చొక్కాలు సర్దుకుంటున్నాడు. అబ్బా పండుగకు పూసుకునే అత్తరు సీసా అడిగి తెచ్చుకుని, మూత తీసి వాసన చూస్తున్నాడు. నన్ను చూసి, "గాడ అందరు పెద్ద పెద్దోళ్లు ఉంటరు, జర మంచిగ కనబడాలె గదా," అన్నాడు. అతని మొహం చిన్నప్పుడు ఈద్‌గాకు పోయేరోజు ఉన్నట్టే ఉంది. నోటిదాకా వచ్చింది.

"సబ్బు పెట్టుకున్నవా భయ్యా?" అన్నాను.

"మర్చిపోయిన. ఒకటి ఇయ్యి."

పోయి సబ్బు తెచ్చి ఇచ్చాను. అంతే. ఆ ఎండాకాలంలో నేను చేసిన పెద్ద పని అదే.

సోమవారం అన్న హైదరాబాద్ పోయాడు. అబ్బా గోడమీది కాగితం తియ్యలేదు, దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెట్టాడు. మొదటివారం రోజూ ఫోన్ వచ్చేది. ఏసీ గది అని, పెద్ద తెర అని, గుడ్లు పెడుతున్నారని చెప్పేవాడు. రెండోవారం రెండు రోజులకోసారి. తర్వాత అమ్మీ చేస్తే ఎత్తి, "మంచిగున్న" అని పెట్టేసేవాడు. పంతొమ్మిది రోజులు గడిచాయి. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం పెట్టె పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

అమ్మీ ఏమైందని అడిగితే కాళ్లు కడుక్కుని వస్తానన్నాడు. వచ్చి కూర్చుని మామూలుగానే చెప్పాడు. అక్కడ ఒక్కొక్కరిని విడిగా, కొత్తవాళ్లతో కలిపి ఆడించారట. రోజుకు ఒకడిని కూడా పడగొట్టలేకపోయాడట. ఎందుకిలా అవుతోందని వాళ్లు భూపాలపల్లి ఆటను మెల్లగా తిప్పి తెరమీద చూపించారట.

"గాడ ఉన్న సార్ అడిగిండు. వీడు తూటా కొట్టకుండ ఎందుకు నిలబడ్డడు, వీడెవడు అని. మా చెల్లె అని చెప్పిన."

అమ్మీకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అన్న జేబులోంచి ఫోన్ తీశాడు.

"నీది గూడ తే. ఇద్దరమే ఆడుదాం. అమ్మీ మీద ఒట్టు, చెయ్యి తగ్గించొద్దు."

అమ్మీ మీద ఒట్టు పెట్టాక ఏం చేస్తాను. ఏడు ఆటలు ఆడాం. మొదటిది సూదిలో దారం ఎక్కించేంతసేపు కూడా లేదు. రెండోది అంతే. నాలుగో ఆటకు కళ్లనిండా నీళ్లు నిండి తెర మసకబారింది, అయినా తగిలింది. నా చేతికి ఇంత వచ్చునని నాకే తెలియదు. ఏడో ఆటలో అన్న తుపాకీ ఎత్తలేదు. మైదానం నడుమ నిలబడ్డాడు. ఒట్టు గుర్తొచ్చి కొట్టాను.

"ఎప్పటి సంది?" అన్నాడు.

"ఫిబ్రవరి సంది."

"ఎవ్వలకెవ్వలకు ఎరుక?"

"కృష్ణన్నకు."

ఫోన్ అద్దాన్ని వేలితో తుడిచాడు. "గీ ఆట ఫిబ్రవరిల ఆడుంటే నేను సోమారం పోయి ఆ గేటు కాడ నిలబడుదును," అన్నాడు. గొంతు పెంచలేదు.

"నువ్వు సంతోషంగ ఉంటివి భయ్యా."

"అది గూడ నాది కాదు గదా మెహనాజ్."

లేచి పెరట్లోకి పోయాడు. అతను కొట్టి ఉంటే, ఇంట్లో గిన్నెలు విసిరి ఉంటే నాకు ఊపిరి ఆడేది. ఆ మాట తర్వాత నెలరోజులు అన్న నాతో మాట్లాడలేదు.

మర్నాడు అబ్బా గోడమీది కాగితం తీసి రుమాలులో చుట్టుకుని భూపాలపల్లి పోయాడు. అక్కడ తర్వాతి పేరు పిలిచి చాలా రోజులైంది. వాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏమీ చెయ్యలేమని చెప్పారట. అబ్బా తిరిగివచ్చి కాగితాన్ని మళ్లీ మక్కా బొమ్మ కింద పెట్టాడు. లామినేషన్ చేసింది కదా, చినిగిపోదు. దానిమీది తారీఖు ఇప్పటికీ కొత్తగా కనబడుతుంది.

హైదరాబాద్‌లో అన్న జాగా ఖాళీ అయింది కదా, తనను తీసుకుంటారేమో అడగమని కృష్ణకు మెసేజ్ పెట్టాను. రెండు రోజులకు అతని గొంతు వచ్చింది. వెనక కంకర మిషన్ చప్పుడు.

"ఆ జాగ ఎప్పుడో వేరేటోళ్లకు ఇచ్చిండ్రు చెల్లె. నేను గూడ హైదరాబాద్‌లనే ఉన్న, సెంట్రింగ్ పనికి వచ్చిన. మా తండోళ్లు పదిమందిమి వచ్చినం. ఆట ఫోన్లకెల్లి తీసేసిన. అన్నను జర చూసుకో."

అన్నను చూసుకో అన్నాడు. తిట్టినా ఇంత తగిలేది కాదు. అజిత్ మాత్రం మాట్లాడకుండా మా నలుగురి గుంపులోంచి వెళ్లిపోయాడు, ఎట్లాగూ అతను మాట్లాడిందెప్పుడు?

జూలైలో అమ్మీకి కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు సూది పట్టొద్దన్నారు. చేతిలో శ్రావణం పెళ్లి జాకెట్ ఉంది, సగం కుట్టింది. నేను ఒక్కదాన్నే మగ్గం ముందు కూర్చున్నాను. అన్న లోపలినుంచి వచ్చి అమ్మీ కూర్చునే చోట కూర్చుని సూది తీసుకున్నాడు. చిన్నప్పుడు అతనికీ అమ్మీ నేర్పింది. నెలరోజుల్లో అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదటిసారి. క్షమించాడేమో అనుకున్నాను.

అన్న కుట్టు వడ్లగింజ కంటే దొడ్డుగా, ఒకటి అటు ఒకటి ఇటు పడుతోంది. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద పడుకున్న అమ్మీ సూది చప్పుడు విని కనిపెట్టింది.

"బేటీ, భయ్యాది కొత్త చెయ్యి. నువ్వు జర తగ్గించుకో."

మా ఇద్దరి సూదులూ ఆగిపోయాయి. అన్న తల ఎత్తి నా మొహంలోకి చూశాడు.

"తగ్గించకు. నీకు వచ్చినట్టే కుట్టు."

అలాగే కుడదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. పది కుట్లు సన్నంగా, నువ్వుగింజల్లా కుట్టాను. పదకొండోది గుచ్చేముందు కన్ను దానంతటదే అవతలికి పోయింది. అతని కుట్టు ఎంత దూరంలో ఉందో చూసుకుని, చెయ్యి అంత దూరంలోనే గుచ్చింది. నేను గుచ్చానని ఎట్లా చెప్పను, నాకు తెలిసేలోపే అయిపోయింది. తల ఎత్తితే అన్న తన సూదిని చూసుకోవడం లేదు, నా సూదినే చూస్తున్నాడు.

సూదిని గుడ్డ అంచుకు గుచ్చి లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. "భయ్యా" అన్నాను. అమ్మీ మంచం మీంచి, "ఏమైంది? ఎవరు లేచిండ్రు?" అంది. అన్న గడప దాటాడు.

ఇప్పుడు అన్న బచ్చన్నపేట దగ్గర పత్తి మిల్లులో బేళ్లు ఎత్తే పనికి పోతున్నాడు. మేం లేవకముందే పోతాడు, సాయంత్రం వచ్చి అమ్మీ పెట్టింది తిని పడుకుంటాడు. నేను వడ్డిస్తే ఆకలి లేదంటాడు. అబ్బా నన్ను ఏమీ అనడు. అమ్మీ మాత్రం ఒక్కోసారి అడుగుతుంది, ఇంతకూ నువ్వు ఏం తప్పు చేసినవ్ బేటీ అని. మగ్గం చూపించి, ఇదే చేశాను అమ్మీ, నువ్వు నేర్పిందే అని చెప్పబోయి ఊరుకుంటాను.

అమ్మీ కళ్లు బాగైనా డాక్టర్లు సూదిపని పూర్తిగా మానమన్నారు. జాకెట్ చేతులు రెండూ నేనే కుడుతున్నాను. తగ్గించుకోవాల్సిన అవసరం ఇక లేదు, అవతల కూర్చునేవాళ్లు లేరు. సన్నంగానే కుడదామని రోజూ పొద్దున కూర్చుంటాను. సాయంత్రం గుడ్డ విప్పి చూస్తే రెండు చేతుల మీదా కుట్టు దొడ్డుగానే ఉంటోంది.